ఆర్.కె.పేట పెండ్లిలో మొరాయించిన ఫ్లాష్

తిరుత్తణిలో నా స్టూడియో బజారు వీధిలో ఉండేది. ముందు గదిలో ఒక బెంచీ, వెనక గోడకు తోట బొమ్మ వేసిన తెర, ఆ తెర వెనక డార్క్‌రూం. కొండ మీది గుడిలో పెండ్లి చేసుకున్న జంటలు మెట్లు దిగి, మెడలో దండలు వాడకముందే నా దగ్గరికి వచ్చి ఫొటో తీయించుకునేవాళ్లు. స్టూడియోలో పెద్ద దీపాలు ఉండేవి కాబట్టి ఆ పనికి చింత లేదు. బయటి ఊళ్ల పెండ్లిళ్లకు మాత్రం ఫ్లాష్ లేకపోతే నాకు చేతులు లేనట్టే.

ఆ ఫ్లాష్ నేను కొత్తగా కొన్నది కాదు. తిరువళ్లూరులో నాకు పని నేర్పిన పెద్దాయన తాను వాడి వాడి నాకిచ్చినది. భుజానికి తగిలించుకునే తోలు సంచిలో బ్యాటరీలు, సంచిలోంచి ఒక తీగ, ఆ తీగ చివర గిన్నెలాంటి దీపం. మీట నొక్కగానే సన్నగా కూత మొదలయ్యేది. కూత పెరిగి పెరిగి ఇక వినబడకుండా పోయాక, దీపం వెనకవైపు ఒక ఎర్రటి చుక్క వెలిగేది. అప్పుడు ఫొటో తీయాలి. ఆ కూత వినిపిస్తే చాలు, పెండ్లిపందిట్లో పిల్లలంతా నా చుట్టూ మూగేవాళ్లు.

అది ఎనభైల మొదట్లో మాట. ఆర్.కె.పేట దగ్గర నేతగాళ్ల వీధిలో ఒక పెండ్లి. మాదీ నేతపని ఇల్లే కాబట్టి పెండ్లికూతురి తండ్రి నన్ను చుట్టంలాగే పిలిచాడు. మొదటి బస్సు పట్టుకుని పోయాను. వీధిలో ఇంటి ముందు పందిరి వేసి, మూడువైపులా కీత్తులతో, అంటే అల్లిన కొబ్బరి మట్టలతో మూసేశారు. లోపల మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవలసినంత చీకటి. పెండ్లికూతురికి పూలజడ వేస్తుంటే రెండు మూడు ఫొటోలు తీశాను. అంతవరకూ ఫ్లాష్ బాగానే పలికింది. తాళికట్టే వేళ దగ్గర పడుతుండగా మీట నొక్కితే కూత లేదు, ఎర్రచుక్క లేదు.

పక్కకు పోయి సంచి విప్పి చూశాను. బ్యాటరీల్లోంచి తెల్లగా ఏదో కారి, అడుగంతా ఉప్పు పేరుకున్నట్టు ఉంది. తువ్వాలుతో తుడిచి, కొత్త బ్యాటరీలు వేశాను. అయినా అది మూగదానిలాగే ఉంది. పెండ్లికూతురి తండ్రిని పిలిచి చెప్పాను.

"అన్నా, ఫ్లాష్ చెడిపోయింది."

"అంటే ఇంక ఫొటోలు రావా?"

"ఈ చీకట్లో రావన్నా. వెలుతురు కావాల."

ఆయన నావైపు, పందిరివైపు చూసి నిదానంగా అన్నాడు. "వెలుతురుకేమి, బయట కావలసినంత ఉండాది గదా."

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం తిరువళ్లూరు స్టూడియో గుర్తుకొచ్చింది. కరెంటు పోయినప్పుడు పెద్దాయన కిటికీకి తెల్లటి దుప్పటి కట్టించి, దాని పక్కన మనిషిని కూచోబెట్టి ఫొటో తీసేవాడు.

"తూరుపుపక్క కీత్తులు విప్పనిస్తావా అన్నా?" అని అడిగాను.

"ముహూర్తం దాటకుండా ఏమైనా చెయ్యప్పా" అన్నాడు ఆయన.

ఆయన బావమరుదులు ఇద్దరు పందిరెక్కి కీత్తులు కోసి కింద పడేశారు. ఎండ దూసుకొచ్చి నేరుగా పెండ్లికూతురి కళ్లల్లో పడింది. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసేసుకుంది. అలా తీస్తే ఫొటోలో కళ్లే ఉండవు.

"మగ్గం మీంచి దించిన తెల్ల పంచెలు ఉండాయా?" అన్నాను.

నేతగాళ్ల ఇంట్లో అదొక ప్రశ్నా. ఆడవాళ్లు నాలుగైదు పంచెలు తెచ్చిచ్చారు. ఒకదాన్ని కీత్తులు విప్పిన సందుకు అడ్డంగా ఇద్దరు మగవాళ్లు పట్టుకున్నారు. ఎండ ఆ గుడ్డలో వడకట్టుకుని మెత్తగా లోపలికి దిగింది. ఇంకోదాన్ని, వెలుతురు తిరిగి ముఖాల మీద పడేట్టు, చీకటిగా ఉన్న పక్కన పట్టించాను. మగపెండ్లివారిలో ఒక ముసలాయన, "పెండ్లికి వచ్చినామా, పడుగు నూలు ఆరేసేదానికి వచ్చినామా" అన్నాడు. పందిరంతా నవ్వింది. పురోహితుడు కూడా మంత్రం ఆపి నవ్వాడు.

ఆ వెలుతురుకు కెమెరా కన్ను కొంచెంసేపు తెరిచి ఉంచాలి. మనుషులు కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. కెమెరాను కుర్చీ వీపు మీద ఆనించి పెండ్లికొడుకుతో చెప్పాను.

"మాప్పిళ్ళా, తాళి కట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగు. కదలొద్దు."

ఆ అబ్బాయి నా మాటను మరీ గట్టిగా పట్టుకున్నాడు. మేళం జోరందుకుంది, అక్షింతలు మీద పడుతున్నాయి, ఆయన మాత్రం తాళి రెండు కొసలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రాతిబొమ్మలాగా నిలబడిపోయాడు. నేను ఫొటో తీసేశాను. అయినా ఆయన కదలలేదు. పెండ్లికూతురు తల వంచుకునే, "అయిపోయిందంట, కట్టు" అంది. అప్పుడు ముడి వేశాడు.

తిరిగి వచ్చే బస్సులో ఫ్లాష్ సంచిని ఒడిలో పెట్టుకుని కూచున్నాను. ఫిల్ము రోల్లో ఏముందో తెలియదు. మరునాడు పొద్దున డార్క్‌రూంలో రోలు కడిగి దీపానికి ఎత్తిచూసేదాకా మనసు మనసులో లేదు. తాళికట్టే బొమ్మ వచ్చింది. ప్రింటు వేసి ఆరబెట్టగానే నా భార్య వచ్చి చూసింది. ఆమె మా మేనమామ కూతురు, చిన్నప్పటినుంచీ నన్ను బావా అనే పిలిచేది.

"ఈ పిల్ల నవ్వుతా ఉండాది బావా" అంది.

నిజమే. పెండ్లికొడుకు అలా బిగుసుకుపోయి ఉంటే, ఆ పిల్ల తల వంచి పెదవుల చివర నవ్వుతోంది. ఫ్లాష్ వేసి తీసిన ఏ పెండ్లి ఫొటోలోనూ నాకు అలాంటి నవ్వు దొరకలేదు. ఆ వెలుతురుకు ముఖాలు వెన్నపూసలాగా వచ్చాయి. పెండ్లికూతురి తండ్రి ఫొటోలు తీసుకోవడానికి వచ్చి ఆ ఒక్కటే చాలాసేపు చూశాడు.

"ఇందులో మా పిల్ల అచ్చం మా అమ్మ మాదిరి ఉండాది. ఇంట్లో ఇన్నాళ్లు నేను చూడనే లేదు" అన్నాడు.

పెండ్లి అలా గట్టెక్కింది. కానీ ప్రతి పెండ్లికీ పందిరి కోయించలేను కదా. ఫ్లాష్ తీసుకుని రైల్లో మద్రాసు పోయాను. అక్కడ కెమెరాలు బాగుచేసే ఆయన దాన్ని విప్పి, మర్యాదగానే చెప్పాడు. లోపల కాయిల్ తీగను బ్యాటరీల్లోంచి కారిన రసం తినేసింది, కొత్త కాయిల్ చుట్టించాలి, తన దగ్గర ఇప్పటికే పని పేరుకుపోయింది, నెలలు పట్టినా పట్టవచ్చు. పెండ్లిళ్ల కాలంలో నెలలు ఎక్కడ ఆగేది. మళ్లీ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మా వీధిలోనే నాకు తెలిసిన రేడియో మెకానిక్ ఒకాయన ఉండేవాడు. వయసులో పెద్ద, నేను అన్నా అనేవాణ్ని. రేడియోలు తప్ప ఇలాంటివి ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా, "పెట్టిపో, చూస్తాను" అన్నాడు. నేను చెప్పేలోపే మూత తీసి లోపల వేలు పెట్టాడు. మీట కట్టేసి ఉన్నా ఫ్లాష్ కండెన్సర్‌లో కరెంటు దాగి ఉంటుంది. మద్రాసులో ఏ బ్యాటరీ తగిలించి చూశారో ఏమో, అందులో ఇంకా కొంత మిగిలి ఉంది. మెకానిక్ అన్న స్టూలు మీదనుంచి ఎగిరి కింద కూలబడ్డాడు. నేను పరుగెత్తి పట్టుకున్నాను.

"ఏమీ కాలేదు. ఇది ప్రాణం ఉన్నదే" అని లేచి కూచుని, చేతులు దులుపుకున్నాడు. ఆ రోజుకు ఇక దాన్ని ముట్టలేదు. టీ తాగి పంపించేశాడు.

మరునాడు ఒక బల్బు హోల్డరు తీగలు ఆనించి, మిగిలిన కరెంటు పూర్తిగా దించేసి, కాయిల్ బయటికి తీశాడు. అదృష్టం ఏమంటే తీగ పైచుట్టు దగ్గరే తెగింది. కొత్తగా చుట్టే పని లేదు, తెగిన కొసలు కలిపితే చాలు. కానీ ఆ తీగ తలవెంట్రుక కంటే సన్నం. ఆయన పట్టుకోబోతే వేళ్లకు చిక్కలేదు. నేను పట్టుకుంటే కొస ఇంకొంచెం విరిగింది.

"ఇంటికి తీసుకుపోదాం అన్నా. పోగు అతికేది మా ఇంట్లో ఉండాది" అన్నాను.

నా భార్య పుట్టింట్లో బుద్ధెరిగినప్పటినుంచి తెగిన పోగులు అతికిన మనిషి. వసారాలో కూచుని, కాయిల్ ఒడిలో పెట్టుకుని, "ఇది పట్టుపోగు మాదిరి వంగదు" అని ఒకటి రెండుసార్లు వేళ్లతో నలిపి చూసింది. బ్లేడుతో కొస మీద పూత గీకమని మెకానిక్ అన్న చెప్తే గీకింది. తర్వాత రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పి వదిలింది. అది ముడిపడింది.

"ఇంక నీ వంతు అన్నా" అంది.

ఆయన సోల్డరింగ్ కడ్డీ కాచి, చుక్క సీసం పెట్టి అతికించాడు. బ్యాటరీలు వేసి మీట నొక్కాను. ముగ్గురం చెవులు రిక్కించాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా ఉన్నట్టు సన్నటి కూత మొదలైంది. నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మెకానిక్ అన్న, "నేను మాత్రం దూరంగా నిలబడతాను" అని వీధిలోకి పోయాడు. ఎర్రచుక్క వెలిగింది. ఇంటి గోడ మీద ఫెళ్లున వెలుగు కొట్టింది.

అయితే అది మునుపటిలాగా లేదు. ఒక ఫొటో తీశాక మళ్లీ ఎర్రచుక్క వెలగడానికి మొదటికంటే చాలా ఆలస్యమయ్యేది. మొదట్లో విసుగొచ్చింది. పెండ్లిపీటల మీద జంట నిలబడి చూస్తుంటే ఏదో ఒకటి మాట్లాడాలి కదా. "ఏ ఊరమ్మా మీది, యాడ చదువుకున్నావు, మీ ఊళ్లో వానలు పడినాయా" అని అడిగేవాణ్ని. వాళ్లు జవాబు చెప్పేవాళ్లు, బిగుసుకున్న భుజాలు దిగేవి. ఈలోపు ఎర్రచుక్క వెలిగేది. ఆ ఏడాది నా ఫొటోల్లో మనుషులు మాట్లాడుతున్నట్టు ఉండేవాళ్లు. కనకమ్మ సత్రం అనే ఊళ్లో ఒకావిడ, "ఈయప్పను పిలిస్తే కూచోబెట్టి కష్టసుఖాలు కూడా అడుగుతాడు" అని పక్కింటివాళ్లకు చెప్పిందట.

తర్వాత కెమెరా నెత్తిన కూచునే చిన్న ఫ్లాష్ ఒకటి కొత్తది కొన్నాను. చకచకా వెలిగేది. పాతదాన్ని పక్కన పెడదామనుకుంటే నా భార్య ఒప్పుకోలేదు.

"అంత కష్టపడి బతికించినాము. నేను పట్టుకుంటాను, నువ్వు తియ్యి" అంది.

అలా ఆమె నాతో పెండ్లిళ్లకు రావడం మొదలైంది. సంచి భుజాన వేసుకుని, పాత దీపాన్ని పక్కనుంచి ఎత్తి పట్టుకునేది. రెండు వెలుగులు పడితే ముఖాల వెనక నల్లటి నీడలు పోయాయి. మొదట ఆడమనిషి సంచి మోస్తూ పందిట్లో తిరగడం చూసి కొందరు గుసగుసలాడారు. తర్వాత అదే మాకు కలిసొచ్చింది. పెండ్లికూతురిని సింగారించే గదిలోకి నేను గడపదాటి పోలేను, ఆమె పోయేది. కొన్నాళ్లకు కెమెరా కూడా ఆమె చేతికే ఇచ్చి పంపాను. మొదటి రోల్లో సగం బొమ్మలకు తలలు లేవు. రెండో రోల్లో, అద్దం ముందు కూచున్న ఒక పెండ్లికూతురు, ఆమె వెనక పూలు అందిస్తున్న అక్క, ఇద్దరూ అద్దంలోంచే ఒకరినొకరు చూసుకుంటున్న ఫొటో ఉంది. ఆ గదిలో నేను ఉంటే ఆ చూపు నాకు దొరికేది కాదు.

దాన్ని పెద్దదిగా ప్రింటు వేసి స్టూడియో ముందరి అద్దాల బీరువాలో పెట్టాను. "ఇది ఎవరు తీసినారు?" అని ఎవరైనా అడిగితే, నేను జవాబు చెప్పేలోపే ఆమె లోపలినుంచి వచ్చి నిలబడేది.