గొంతు కోసం మొదలుపెట్టిన నవల

2023 ఎండాకాలం. ముదిగుబ్బ వైపు ఒక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా ఉన్నాను. పేపరు కోసం, పోటీ పరీక్షల పుస్తకాల కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. కొత్త నవలలు వచ్చినవి వచ్చినట్టే బీరువాలో ఉండేవి.

ఒకరోజు బజారులో బట్టల అంగడి నడిపే సుజాతమ్మ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు పడిపోయింది. మాట తిరిగి రావడానికి సాధన చేయించే స్పీచ్ థెరపిస్టు, రోజూ అరగంట పైకి చదవమన్నాడట.

"అంగట్లో నన్ను ఎవురూ పలకరించేదే లేదు సార్. ఏం కావల్లన్నా మా ఆయన్నే అడుగుతాండారు. ఏదన్నా మంచి కత ఇయ్యండి," అంది. చెవి దగ్గర పెడితేగానీ వినపడలేదు.

అవార్డు వచ్చిన లావాటి నవల ఒకటి ఇచ్చాను. "చాలా గొప్ప పుస్తకమమ్మా" అన్నాను. నిజానికి అట్ట వెనక రాసింది తప్ప లోపల ఒక్క పేజీ చదవలేదు.

మూడో రోజే తెచ్చి ఇష్యూ కౌంటర్ మీద, అంటే పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే బల్ల మీద, పెట్టేసింది.

"ఒక్కో వాక్యం అరపేజీ ఉండాది సార్. సగంలోనే ఊపిరి అయిపోతాది. గొంతుతో పాటు తెలివి కూడా పోయిందేమో అనుకున్నా." కళ్ళు తుడుచుకుంది. "మీరు చదివినారు కదా, చివరికి ఏమైతాది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదమ్మా. చదవకుండానే ఇచ్చినాను," అన్నాను.

ఆమె కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఇద్దరం చూద్దాం, తీయండి సార్."

కొత్త నవలలు ఆరేడు బల్ల మీద పరిచాను. ఒక్కోదాని మొదటి పేజీ ఆమె చదువుతుంటే నేను విన్నాను. కొన్ని నోరు తిరగనివి. ఒకటి బాగుందిగానీ ఆమె మనసుకు పట్టలేదు. ఐదోది బేకరీ పెట్టుకున్న ఒక ఆడపిల్ల కథ, నిండా మాటలే. పేజీ అయిపోయినా ఆమె ఆపలేదు, తిప్పింది. అదే తీసుకుపోయింది.

వారానికి వచ్చి తప్పు చేసినదానిలా నిలబడింది. "మోసం చేసినా సార్. పది నిమిషాలకే మనసులో చదువుకుంటా పోయినా. ఏమైతాదో తెలుసుకోవల్ల కదా!"

నవ్వు ఆపుకోలేకపోయాను. మళ్ళీ మొదటినుంచి పైకి చదవమన్నాను. ఆమె తిరిగి ఇచ్చాక నేనూ చదివాను. చివర్లో ఆ పిల్ల బేకరీ మూసేయడం సరైనదేనన్నాను ఆమెతో.

"ఎట్ల సరైతాది సార్? పని వచ్చు, గిరాకీ ఉండాది. భయపడి మూసింది, అంతే!"

పేపరు చదివేవాళ్ళు తలలెత్తి చూశారు. అంత దూరం వినపడింది మరి.

గొంతులో బొంగురు పూర్తిగా పోలేదు. కానీ అంగట్లో బేరాలు మళ్ళీ ఆమే ఆడుతోంది. నెలకు రెండు నవలలు చదువుతుంది, నచ్చకపోతే మొహమాటం లేకుండా మధ్యలోనే తెచ్చిస్తుంది.

అప్పటినుంచి చదవని పుస్తకాన్ని గొప్పదని ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా నవల అడిగితే వాళ్ళ గురించి ముందు అడుగుతాను. పదహారేళ్ళు పుస్తకాల మధ్య కూర్చున్న నన్ను చదివే మనిషిని చేసింది సుజాతమ్మ. ఆ మాట ఆమెతో ఇప్పటిదాకా అనలేదు. ఇక్కడ రాస్తున్నాను, చదువుతుందని తెలుసు.