కౌంటరుకి ఇవతలి వైపు

మొన్న ఆదివారం మా అబ్బాయీ కోడలూ హైదరాబాదులో కొత్తగా తెరిచిన ఒక పబ్బుకి నన్ను తీసుకెళ్ళారు. పాతకాలపు ఇంగ్లీషు పద్ధతిలో కట్టామని చెప్పుకుంటున్న ఆ హాల్లో దూలాలకి నల్లరంగు పూసి, గోడల పెచ్చులు కావాలనే ఊడగొట్టి ఉంచారు. పాటల హోరులో పక్క మనిషి మాట వినబడక, ఊసుపోక బల్లని వేలితో తట్టి చూస్తే అది చెక్క కూడా కాదు. నా ఈడు వాళ్ళకి ఇలాంటప్పుడు మనసు ఎలా వెనక్కి పరిగెడుతుందో చెప్పనక్కరలేదు. నాది ఖతార్‌లోని దుఖాన్ అనే చమురు ఊరి దాకా పరిగెత్తింది.

తొంభైల మొదట్లో నేను ఏసీ మెకానిక్కుగా అక్కడికి వెళ్ళేనాటికే మావయ్య, అంటే మా అమ్మకి అన్నగారు, ఇరవై ఏళ్ళుగా చమురు కంపెనీ క్లబ్బులో పనిచేస్తున్నాడు. రాజోలు దగ్గరి మా ఊరి నుంచి నన్ను వీసా మీద రప్పించింది ఆయనే. ఆ క్లబ్బు చమురు పడ్డ తొలి రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు తమకోసం కట్టుకున్నది. బజారులో చుక్క దొరకని ఆ దేశంలో, సముద్రానికి దగ్గరగా, ఇసుక మధ్య రాతిగోడల చిన్న కట్టడం, లోపల నిజమైన బారు. అయితే అది స్టాఫ్ గ్రేడు వాళ్ళకే, అంటే సూపర్‌వైజరు నుంచి పైవాళ్ళకే. మావయ్య వెనక వంటింటి గుమ్మంలోంచి వెళ్ళి, గ్లాసులు కడిగి, కౌంటరు చెక్కని నూనెగుడ్డతో తుడిచి, ఆ గుమ్మంలోంచే బయటికి వచ్చేవాడు. శుక్రవారం సెలవునాడు మా పనివాళ్ళ క్యాంపులో చేపల పులుసు కలుపుతూ, ఆ చెక్క పాడైపోయిన ఓడలోంచి తెచ్చిందనీ, గోడ మీది ఫొటోల్లో ఒంటెల పక్కన నిలబడ్డ దొరలు ఫలానా ఫలానా అనీ ఆయన చెబుతుంటే, మేమంతా చూడని ఊరి గురించి విన్నట్టు వినేవాళ్ళం.

నాకు సూపర్‌వైజరుగా ప్రమోషన్ వచ్చి క్లబ్బు కార్డు చేతికందిన నెలలోనే మావయ్యకి రిటైర్మెంటు కాగితం వచ్చింది. ఆయన వెళ్ళిపోయేలోగా నా అతిథిగా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాలని నాకు పట్టుదల పుట్టింది. చెబితే అదిరిపడ్డాడు.

“నన్నా? ఆ కుర్చీలోనా? పిచ్చెక్కిందేంట్రా అల్లుడూ నీకు! క్లబ్బు సెక్రటరీ దొర చూస్తే నీ కార్డు లాగేసుకుంటాడు.”

ఆ భయం నాకూ లేకపోలేదు. క్లబ్బు పనివాళ్ళు అతిథులుగా రాకూడదని నోటీసుబోర్డు మీదే రాసి ఉండేది. అయినా మూడు రోజులు వెంటపడి ఒప్పించాను. ఆయన ఆఖరి డ్యూటీ ముగిసిన గురువారం సాయంత్రం, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త పెళ్ళికొడుకులా నా వెనకే నడిచి వచ్చాడు. ఇరవై ఏళ్ళకి పైగా లోపలి నుంచి చూసిన తలుపే అయినా, లాగాల్సిన తలుపుని తోశాడు.

పడమటి కిటికీలోంచి పడుతున్న ఎండకి ఆ పొడవాటి కౌంటరు పాత తేనె రంగులో మెరుస్తోంది. మోచేతులు ఆనీ ఆనీ దాని అంచు అరిగి నున్నబడింది. పైన వరసగా వేలాడే తగరం మగ్గులు, ఎండలో వెలిసిపోయిన జెండాలు, ఎప్పుడో వెళ్ళిపోయిన మనుషుల సంతకాలతో ఒక దూలం. గది నిండా జనం ఉన్నా ఎవరూ గొంతు పెంచడం లేదు. గుడిలోకి వచ్చినట్టు నేను చేతులు దగ్గరికి తీసుకున్నాను.

బారులో ఉన్న గోవా అతను గ్లాసు తుడుస్తున్నవాడల్లా ఆగి, “చాచా, ఆప్ ఇధర్?” అన్నాడు. నేను మావయ్యని కౌంటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, అతిథుల పుస్తకంలో ఆయన పేరు రాస్తుండగానే సెక్రటరీ వచ్చి పక్కన నిలబడ్డాడు. తెల్లజుట్టు, తక్కువ మాటల మనిషి. మావయ్య దిగ్గున లేచి, అలవాటు చొప్పున పక్క బల్ల మీది ఖాళీ గ్లాసులు తీయబోయాడు.

“ఆయన డ్యూటీ మధ్యాహ్నమే అయిపోయింది సర్,” అన్నాను వచ్చిన ఇంగ్లీషులో. “ఇప్పుడు ఆయన మా మావయ్య, అంతే.”

సెక్రటరీ పుస్తకంలో ఆ పేరు చదివాడు. నా చేతిలోని పెన్ను తీసుకుని, మావయ్య పేరుకి ముందు ‘మిస్టర్’ అని చేర్చాడు. మావయ్య చేతిలోని గ్లాసులు తనే అందుకుని కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బీరు వచ్చింది. మన రాష్ట్రంలో మద్యనిషేధం నడుస్తున్న రోజులవి, ఊరెళ్తే ఇక అదీ దొరకదు. మావయ్య తానెన్నడూ రుచి చూడని ఆ నురగ వంక చాలాసేపు చూసి, రెండు చేతులతో గ్లాసెత్తి ఒక గుక్క తాగి, ముఖమంతా ముడిచాడు.

“ఛీ, చేదు! ఇందుకట్రా ఇన్నేళ్ళు నాచేత గ్లాసులు తోమించారు?”

ఇద్దరం కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. తర్వాత ఆయన గ్లాసు పక్కన పెట్టి, అరచెయ్యి చెక్క మీద ఆన్చి గదంతా మెల్లగా కలయజూశాడు.

“ఇటునుంచి చూస్తే ఇది వేరే గదిరా,” అన్నాడు.

గ్లాసులో సగం అలాగే మిగిలింది. ఎండ పోయేదాకా మేం కదల్లేదు. ఆ తర్వాతి వారం ఆయన ఊరెళ్ళిపోయాడు, కొన్నేళ్ళకి లోకమే విడిచాడు. క్లబ్బుని పడగొట్టి అద్దాల హాలు కట్టారనీ, ఆ కౌంటరు ఏమైందో ఎవరికీ తెలియదనీ తర్వాత విన్నాను. ఇప్పుడు మనవాళ్ళు ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది మంచిదే. కాకపోతే ఇట్టే వెళ్ళి ఇట్టే వచ్చేస్తున్నాం. ఆ తర్వాత నేను చాలాచోట్ల, చాలా ఖరీదైన కుర్చీల్లో కూర్చున్నాను గానీ, ఆ సాయంత్రం మావయ్య పక్కన కూర్చున్నంత నిటారుగా మరెక్కడా కూర్చోలేదు.