వద్దంటే రాని విమానం

2007 వానాకాలంలో నేను వనపర్తిలో ఉండి మేఘమథనం పని చూసేదాన్ని. పేరు వింటే దేవతలూ రాక్షసులూ కలిసి చేసే పనిలా ఉంటుంది గానీ నా వంతు చాలా చిన్నది. హైదరాబాద్‌లో రాడార్ ముందు కూర్చున్నవాళ్లు ఏ మబ్బులో నీళ్లున్నాయో చూసి చెబుతారు. రెండు ఇంజన్ల చిన్న విమానం ఆ మబ్బు అడుగుకు చేరి, రెక్కలకు బిగించిన ఫ్లేర్లను కాలుస్తుంది. ఫ్లేర్ అంటే చిచ్చుబుడ్డి లాంటి గొట్టం, అందులో ఉప్పులాంటి పొడి ఉంటుంది. ఆ పొగ మబ్బులోకి పోతే నీటి తుంపరలు దాన్ని పట్టుకొని, బరువెక్కి కింద పడతాయని శాస్త్రం. పడ్డాయో లేదో ఊరూరా తిరిగి రెయిన్ గేజ్‌లో, అంటే వాన కొలిచే పాత్రలో, చూసి రావడం నా ఉద్యోగం. మోపెడ్ నాది, పెట్రోలు వాళ్లది.

వాన పడితే మా విమానం వల్లే పడిందా, ఎలాగూ పడేదేనా అంటే మా ఇంజనీర్లు కూడా గట్టిగా చెప్పలేకపోయేవారు. అయినా ఎండిన చేల మీద విమానం చప్పుడు వినిపిస్తే చాలు, జనం పరుగెత్తుకొచ్చి తలలెత్తి చూసేవారు. “మా దిక్కు ఎప్పుడు పంపుతరు మేడం?” అని ఫోన్ల మీద ఫోన్లు. అలాంటిది ఆగస్టులో ఒకరోజు గోపాల్‌పేట దగ్గరి ఒక ఊరి సర్పంచ్ ఫోన్ చేసి, “మీ ఇమానం మా ఊరి మీదికి రావొద్దు” అన్నాడు.

వేరుశనగ చేలు ఊడలు దిగే సమయం అది, ఇక్కడ వాటిని పల్లి అనీ బుడ్డలు అనీ అంటారు. అప్పుడు వాన లేకపోతే కాయ పట్టదు. అలాంటప్పుడు మబ్బుల విమానం వద్దనే ఊరిని నేనెక్కడా చూడలేదు. నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బుంది, ఎందుకో తెలుసుకోకపోతే అన్నం సహించదు. మోపెడ్ తీశాను.

సర్పంచ్ మాసన్న యాభై దాటిన రైతు, ముక్కుసూటి మనిషి. అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు.

“వాన వద్దని ఎవలంటరు మేడం? మా బుడ్డల శెన్లు మాడిపోతున్నయి. గని ప్రాణం పోతె ఎవలు తెచ్చిస్తరు?” అన్నాడు.

జరిగింది ఇదీ. కిందటి వారం మా విమానం ఆ ఊరి మీద మబ్బు చుట్టూ తిరుగుతుంటే కుర్మయ్య అనే కూలి తన ఇద్దరు కూతుళ్లనూ, వీధిలో ఆడుకుంటున్న పిల్లలనూ పోగేసి ఒక పాత పాతరలోకి దించాడు. పాతర అంటే జొన్నలు దాచుకోవడానికి పూర్వం భూమిలో తవ్వుకున్న గొయ్యి. మూతి ఇరుకు, లోపల వెడల్పు. పిల్లలను దించి, మూతి మీద బండ జరిపి, తాను దాని పక్కనే బోర్లా పడుకున్నాడు. ఏళ్ల తరబడి మూసి ఉన్న పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది, అతనికీ తెలుసు. విమానం పోయాక బండ తీస్తే పెద్దపిల్లలు ఉక్కిరిబిక్కిరవుతూ పైకొచ్చారు. కుర్మయ్య చిన్న కూతురు సుజాత మాత్రం తెలివి తప్పి పడి ఉంది. వనపర్తి దవాఖానకు తెస్తే బతికింది.

“మంచోడే మేడం. ఇమానం చప్పుడైతె మాత్రం మనిషి మనిషిల ఉండడు. మల్ల వస్తె మల్ల దించుతడు. ఒక పాతర పూడిస్తె ఇంకో పాతర దేవులాడుతడు. ఇప్పుడు వాణ్ని ఊర్లకెల్లి ఎల్లగొట్టాల్నా, మీ ఇమానాన్ని ఆపాల్నా?”

కుర్మయ్య ఇంటికి నన్ను మాసన్నే తీసుకుపోయాడు. ముప్పై అయిదేళ్ల బక్కపలచని మనిషి, చేతుల నిండా సిమెంటు పనిచేసిన గుర్తులు. భార్య చెన్నమ్మ చేటలో కందులు ఏరుతోంది, సుజాత ఆమె కొంగు పట్టుకొని కూర్చుంది. నేను సంచిలోంచి కాలిపోయిన ఫ్లేరు గొట్టం తీసి అతని చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు, వాసన చూశాడు, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

“గిదేనా? గిది మీద పడ్తె ఏమైతది?”

“పడదన్నా. రెక్కకే ఉండి కాలిపోతది. పొగ తప్ప ఏం రాదు.”

“ఎంత ఎత్తుల తిరుగుతది? లోపల ఎంతమంది ఉంటరు? ఒక్క జాగలనే ఎందుకు గిరగిర తిరుగుతది?”

నాకంటే ఎక్కువ ప్రశ్నలు వేసే మనిషి దొరికాడని ముచ్చటేసింది. తెలిసినంత వరకు చెప్పాను. చివరికి అతను ఇంకొకటి అడిగాడు.

“అంత మీదికెల్లి పైలట్‌కు మేం కనపడ్తమా?”

“తెల్వదన్నా. అడిగి చెప్త. గని నీకెందుకు అంత భయమో నాకు చెప్పు” అన్నాను.

అతను చెప్పింది ఇది. పాలమూరు కూలీల గుంపుల వెంట బొంబాయి పోయి, అక్కడి ఏజెంటు చేతిలో పడి లెబనాన్‌లో రోడ్డు పనికి వెళ్లాడట. కిందటి ఏడాది అక్కడ యుద్ధం మొదలైంది. కూలీల రేకుల షెడ్లు ఒక నది ఒడ్డున, వంతెన పక్కన ఉండేవి. అతనితో పాటు రాజోలి నుంచి వచ్చిన యేసేపు అనే కుర్రవాడు ఉండేవాడు.

“తుంగభద్ర ఒడ్డున పుట్టినోడు మేడం, నీళ్లు సూస్తె ఆగడు. పొద్దుగాల్నే వంతెన కిందికి పోయి తానం జేస్తుండె. ఆ దినం నేను రొట్టెలు కాలుస్తున్న. ఇమానం రెండు మూడు సుట్లు తిరిగింది. తర్వాత వంతెన లేదు. యేసేపు లేడు.”

చెన్నమ్మ కందులు ఏరడం ఆపేసింది. మాసన్న నేల చూపులు చూస్తున్నాడు.

“మమ్ముల పనికి పెట్టుకున్న సేటు ఏమన్నడో తెల్సా? వాళ్లు మీ మీద ఎయ్యలేదు, వంతెనకే గురి పెట్టిండ్రు, సరిగ్గ తగిలింది, గురి తప్పలేదు అన్నడు. నాకు ధైర్నం జెప్పనీకే అన్నడు. వచ్చినంక రాజోలికి పోయి యేసేపు వాళ్లమ్మకు నేను గూడ గదే చెప్పిన. ‘నా కొడుకు ఏం జేసిండని ఏసిండ్రయ్యా?’ అనడిగింది. ఏం జెయ్యలేదమ్మా, వంతెన మీద ఏసిండ్రు అన్న. ‘మరి వంతెన ఏం జేసింది?’ అన్నది. ఏం జెప్పాలె మేడం?”

నాకు ఏదో ఒక ఉపాయం చెప్పాలని తోచింది. విమానం వచ్చేముందు ఫోన్ చేస్తానని, ఊళ్లో డప్పు చాటింపు వేయిస్తే అతనికి ఉలికిపాటు ఉండదని అన్నాను. మాసన్న తల ఊపాడు. కుర్మయ్య చిన్నగా నవ్వాడు.

“ఆ ఇమానపోళ్లు గూడ ముందుగాలనే చెప్పిండ్రు మేడం. మీదికెల్లి కాయితాలేసిండ్రు. అరబ్బీల ఉంటె మా మేస్త్రీ సదివిండు, ఊరిడిసి పొండ్రి అని. ఏడికి పోవాలె? పాస్‌పోర్టులు సేటు కాడ. రోడ్డెక్కితె రోడ్డు మీద ఏస్తుండ్రు. చెప్పినమని వాళ్లు అనుకున్నరు. మేము ఆడనే ఉన్నం.”

నా ఉపాయం అక్కడే చల్లబడిపోయింది. దారి పొడుగునా అదే ఆలోచన. అడగడం, చెప్పి చేసేయడం, ఈ రెండూ ఒకటేననుకునేదాన్ని అంతవరకు.

మా పైలట్ వాయుసేనలో పనిచేసి వచ్చిన మనిషి. తెలుగు రాదు, నాతో హిందీలో మాట్లాడేవాడు. కెప్టెన్ సాబ్ అని పిలిచేదాన్ని. మరునాడు ఫోన్ చేసి, కుర్మయ్య కథంతా చెప్పి, అతని ప్రశ్న అడిగాను.

“మేం తిరిగే ఎత్తు నుంచి చేలు కనపడతాయి, చెరువు కనపడుతుంది, రేకుల కప్పులు మెరుస్తాయి. మనుషులు కనపడరు. ఉన్నారని తెలుసు, అంతే” అన్నాడు.

నా నోటికి తాళం లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు. “మీరు ఎప్పుడైనా బాంబులు వేశారా సాబ్?” అనేశాను.

ఆయన కోప్పడలేదు. “యుద్ధంలో వేయలేదు, నాకు ఆ అవసరం పడలేదు. శిక్షణలో వేశాను. నేల మీద సున్నంతో గుండ్రంగా గీసేవారు. చుట్టుపక్కల ఊళ్లకు ముందే చెప్పి పశువులను కూడా తోలేయించేవారు. గుండ్రంలో పడితే మెస్సులో చప్పట్లు కొట్టేవారు. ఆ వంతెన మీద వేసినవాడికీ ఆ సాయంత్రం చప్పట్లు కొట్టే ఉంటారు. వాడు దుర్మార్గుడని నేననలేను. ఏమీ తెలియనివాడనీ అనలేను.” తర్వాత, “మీ మనిషి హిందీ మాట్లాడతాడా?” అని అడిగాడు.

బొంబాయిలో ఉన్నవాడికి హిందీ రాకేం? మళ్లీ ఆ ఊరు వెళ్లి, మాసన్న సెల్‌ఫోన్ స్పీకరులో పెట్టి ఇద్దరినీ కలిపాను. కుర్మయ్య నమస్తే సాబ్ అని, ఒక్కటే అడిగాడు, తాను రావద్దంటే ఏం చేస్తారని. “అయితే రాను” అన్నాడు కెప్టెన్. ఎవరి అనుమతి తీసుకోవాలో, రాడార్‌వాళ్లు ఏమంటారో అని నాకు లోపల పీకుతూనే ఉంది. మబ్బు ఎక్కడుందో రాడార్ చెబుతుంది గానీ ఎటు నుంచి పోవాలో, ఏ మబ్బును వదలాలో తన ఇష్టమేనని ఆయన నన్ను ఊరుకోబెట్టాడు.

వారం తిరగకుండానే ఆ ఊరి మీద నల్లటి మబ్బు నిలిచిందని రాడార్ చెప్పింది. నేను ఫోన్ చేశాను. “కుర్మయ్యన్నా, మబ్బులున్నయి. విమానం రావాల్నా?”

వెనక ఊరంతా గుమిగూడిన సద్దు వినిపించింది. “వద్దు మేడం” అన్నాడు.

కెప్టెన్ ఆ మబ్బును వదిలి నాగర్‌కర్నూలు వైపు పోయాడు. మర్నాడు చెన్నమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. “ఊరంత నీళ్లకు నోరు తెర్సుకుంటె మబ్బును ఎనక్కి పంపినోడని నా మొగణ్ని నానా మాటలంటుండ్రు మేడం. మాసన్న గూడ మాట్లాడ్తలేడు.” నాకు చాలా బాధేసింది. ఈ అడగడం నేను తెచ్చిపెట్టిన గోలే గదా అనిపించింది. తర్వాత కుర్మయ్య ఫోన్ అందుకున్నాడు. అతని గొంతులో తిట్లు తిన్న మనిషి బాధ లేదు, వింత చూసిన మనిషి ఆశ్చర్యం ఉంది.

“మేడం, నిజంగనే రాలేదు. రావొద్దంటె రాకుండ పోయిన ఇమానాన్ని నేను గిదే సూసుడు.”

మళ్లీ మబ్బులు పట్టడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఆలోగా పల్లి ఆకులు ముడుచుకుపోయాయి. ఈసారి ఫోన్ చేసేసరికి వెనక సద్దే లేదు. మాసన్న అందరినీ ఇళ్లకు పంపేశాడట, వాని మీద ఎవలు జోరు చెయ్యొద్దని.

“రావాల్నా అన్నా?”

“జర ఆగండ్రి” అన్నాడు. అడుగుల చప్పుడు, సుజాతను పిలవడం వినిపించాయి. “ఆఁ, ఇప్పుడు రమ్మనుండ్రి. పాతర మూతి మీద బండ ఏసి, బిడ్డను ఒళ్లె పెట్టుకొని దాని మీదనే కూసున్న.”

విమానం వచ్చింది, తిరిగింది, పోయింది. సాయంత్రం రెయిన్ గేజ్ చూడటానికి నేనే వెళ్లాను. అడుగు తడవడానికి సరిపోయేన్ని చినుకులు పడ్డాయి. అసలు వాన ఉప్పునుంతలలో కురిసింది. మాసన్న తిట్టుకుంటూనే నాకు చాయ్ ఇప్పించాడు, కుర్మయ్యకూ ఒక కప్పు అందించాడు. సుజాత బండ మీద ఇంకా ఆడుకుంటోంది. కుర్మయ్య నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు.

“బిడ్డ చెయ్యి ఊపింది మేడం. మేం కనపడ్డమా?”

కెప్టెన్‌ను నేను అప్పటికే అడిగాను. కిటికీలోంచి వంగి వెతికాడట. చేలు, చెరువు, రేకులు తప్ప ఏమీ కనపడలేదట. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“కనపడలేదంటన్నా.”

కుర్మయ్య చాయ్ తాగడం ముగించి కప్పు కింద పెట్టాడు. “పోనీ తియ్యండ్రి. కనపడకున్నా అడిగిండు గద.”

తర్వాత కొన్నాళ్లకు ఆ పని ఆగిపోయింది, నా ఉద్యోగమూ పోయింది. మేఘమథనంతో వానలు పడ్డాయా అని ఇప్పటికీ అడుగుతుంటారు, నాకు తెలియదంటాను. ఆ రెయిన్ గేజ్‌లు నేర్పనిది నాకు ఒకటి ఆ పాతర దగ్గర తెలిసింది. పైనున్నవాడికి కింది మనిషి కనపడకపోవచ్చు. గురి ఎంత బాగా కుదిరినా, కాయితాలు ఎన్ని వేసినా ఆ లోటు తీరదు. అడగడం, వద్దంటే ఆగడం ఒక్కటే దానికి మందు. ఉప్పు పొగ చల్లే మేం అడగగలిగాం. బాంబు వేసేవాడు మాత్రం కింద ఉన్నవాళ్లను అడగడు. అడిగితే ఏమంటారో వాడికి తెలుసు.