మేష్టారి పటంలో లేని మా ఊరు

అమలాపురం బజారులో కందగడ్డను కత్తితో రెండు చెక్కలు చేసినప్పుడు పచ్చి మట్టివాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలితే చాలు, పి.గన్నవరం దగ్గర గోదారి గట్టున మా దొడ్డి, కొబ్బరిచెట్ల మధ్య గునపం పట్టుకుని వంగిన మామ్మ, దురదపెడుతున్న అరచేతులకి చింతపండు రాసుకుంటూ పక్కన కూర్చున్న పదేళ్ళ నేను, అంతా కళ్ళముందుకి వస్తుంది.

అది క్రిస్మస్ ముందు వారం. గుమ్మానికి వెదురుబద్దల నక్షత్రం కట్టాం. మంచు ఇంకా విడవలేదు, మామ్మ పండగ పులుసుకి కంద తవ్వుతోంది. గునపం దేనికో ఠంగుమని తగిలింది. చూస్తే చిన్న కుండ. పగిలిన పెంకుల్లో మట్టి అంటుకున్న బంగారు కాసులు గుప్పెడు. నేను చింతపండుతో తోమితే సూటి ముక్కు, తలమీద ఆకుల దండ ఉన్న మగమనిషి ముఖం తేలింది. చుట్టూ తెలియని అక్షరాలు. ఒకదానికి పైన బెజ్జం కూడా ఉంది, ఎప్పుడో ఎవరో మెళ్ళో వేసుకున్నట్టు.

మామ్మ వాటిని కొంగులో ముడివేసింది. "నోరెత్తేవంటే పోలీసులొచ్చి పట్టుకుపోతారు," అంది.

నాన్న పోయి అప్పటికి ఏడాది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళడానికి అమ్మ పాస్‌పోర్టు తీసుకుని, ఏజెంటుకి ఇవ్వడానికి ఏమీ లేక కూర్చుని ఉంది.

సెలవులయ్యాక బడిలో సోషల్ మేష్టారు తను గీసిన పెద్ద పటాన్ని గోడకి తగిలించారు. రోమను నాణేలు దాచిన కుండలు బయటపడిన చోటల్లా ఎర్రసిరా చుక్క. కోయంబత్తూరు వైపు కొండదారుల్లో గుంపులు గుంపులుగా, ఇటు కృష్ణ ఒడ్డున, తీరం వెంబడి అక్కడొకటి ఇక్కడొకటి. మిరియాలకీ నూలుబట్టలకీ బదులుగా ఓడల్లో వచ్చిన బంగారమట అది. "అప్పటి వర్తకులు కష్టకాలంలో పాతిపెట్టుకుని, మళ్ళీ తీసుకోడానికి రాలేకపోయేరు పాపం. ఎక్కడెక్కడ పాతేరో చూస్తే, ఏ దార్లో నడిచేరో మనకి తెలుస్తుంది. మరి గోదారి సముద్రంలో కలిసే మన నేల ఇలా ఖాళీగా ఉందేంటో!" అంటూ బోర్డు మీద ఒక ముఖం గీశారు. సూటి ముక్కు, ఆకుల దండ. నేను చింతపండుతో తోమిన ముఖమే.

పక్కనున్న స్నేహితురాలి చెవిలో చెప్పకుండా ఉండలేకపోయాను. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మేష్టారు సైకిలు స్టాండు వేసి మా అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"మామ్మగారూ, నాకు బంగారం వద్దండి. ఒక్కసారి చూసి, ఎక్కడ దొరికిందో రాసుకుని వెళ్ళిపోతానండి."

"ఏం దొరకలేదండి బాబూ. మా దొడ్లో కంద తప్ప ఏముంటాదండి?"

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా."

తలుపు పక్కన అమ్మ నావైపే చూస్తూ నిలబడి ఉంది. "లేదండి," అన్నాను. ఆయన మంచినీళ్ళు తాగి, మరో మాట అడక్కుండా వెళ్ళిపోయారు. ఆ వారమే కాసులు కంసాలి కొలిమిలో కరిగిపోయాయి. నెల తిరక్కుండా అమ్మ కువైట్ వెళ్ళింది. ఆమె పంపిన డబ్బుతోనే నేను చదివాను, ఉద్యోగస్తురాలినయ్యాను.

కిందటేడు కొత్తపేటలో మేష్టారింటికి వెళ్ళి అంతా చెప్పాను. మంచంలో ఉన్న మనిషి లేచి కూర్చున్నారు.

"ఎంత లోతులో తగిలిందమ్మా? కుండ ఏ రంగు?"

"మోకాటి లోతండి. ఎర్ర కుండండి."

"ఆ దొడ్డి చూపిస్తావా?"

"ఏటి కోతకి పోయిందండి."

పటం తెప్పించి ఒళ్ళో పరుచుకున్నారు. ఎర్రపెన్ను మూత తీసి, మా ఊరి మీదకి తెచ్చి, చాలాసేపు ఆగి, మళ్ళీ మూత పెట్టేశారు. "చూపించడానికి ఏదీ మిగల్లేదు కదమ్మా. మాట మీద చుక్క పెట్టకూడదు, చూసినవాళ్ళు నమ్మేస్తారు." పటం మడుస్తూ అడిగారు: "మీ అమ్మగారు క్షేమంగా తిరిగొచ్చేరా?"

"ఆయ్, ఆరేళ్ళకి వచ్చేరండి."

"పోన్లేమ్మా," అన్నారు.

ఈ వేసవిలో ఆయన పోయారు. మామ్మ ఎప్పుడో పోయింది. గట్టు మీద నిలబడి చూస్తే మా దొడ్డి ఉండాల్సిన చోట గోదారి నిండుగా పారుతోంది. ఇదిగో ఇక్కడే అని వేలు పెట్టి చూపిద్దామన్నా ఆనవాలు లేదు.