గేటు వేసిన మనిషి

భీమవరం వెళ్ళే ప్యాసింజరు తణుకు దాటింది. ఎదుటి సీట్లోని పెద్దాయన కిటికీలోంచి కొత్త అండర్‌పాస్ చూపించారు.

“అక్కడ గేటుండేదండి. నేనే గేట్‌మేన్‌ని.”

ఏదో ఒకటి అనాలని, “కష్టమైన ఉద్యోగమేనండీ,” అన్నాను.

“ఓ రోజు మా ఆవిడకి నొప్పులొచ్చాయండి. ఆసుపత్రికి తీసుకెళ్తున్న రిక్షా గేటు అవతల ఆగిపోయింది. రైలొచ్చే టైమండి. తీయమని ఒకటే కేకలేసింది. నేను తీయలేదండి.”

“తర్వాత?”

“రైలెళ్ళాక తీశానండి. బిడ్డ దక్కలేదు.”

ఆయన గొంతు మారలేదు. ఇద్దరం పట్టాల పక్కన చేలు చూస్తూ కూర్చున్నాం.

“ఇప్పుడు ఎవరూ ఆగక్కర్లేదు లెండి,” అని ఆయన చెప్పులు తొడుక్కుని, తర్వాతి స్టేషన్లో దిగిపోయారు.

అప్పట్నుంచి ఏ గేటు దగ్గర ఎంతసేపు ఆగినా నేను హారన్ కొట్టలేదు.