గురప్ప చేసిన ఆపరేషన్

కువైట్‌లో ఎగైలా అనే పేటలో ఒక ఇంటి వ్యానుకు జబ్బు చేస్తే, దాని డ్రైవర్ గురప్ప మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడు. ముందు తనే చూస్తాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. డాక్టరుకు స్టెతస్కోపు ఎలాగో తనకు అది అలాగని ఆయన ఉద్దేశం. కాసేపటికి కళ్లు తెరిచి రోగం పేరు చెప్తాడు. ఆ పేరు రోజుకొకటి మారినా, చెప్పే గొంతులో మాత్రం అనుమానమన్నదే ఉండదు.

ఆయన రాయచోటి వైపు పల్లెలో ట్రాక్టర్ తోలిన మనిషి. కువైట్ వచ్చి పద్నాలుగేళ్లయింది. అన్నేళ్లూ ఒకటే ఇల్లు, ఒకటే వ్యాను. ఆ వ్యానులో బడికెళ్లిన పిల్లలు ఇప్పుడు సొంత కార్లు తోలుతున్నారు. అది ఇక మామా పనులకూ, వంటమనిషి మద్దమ్మ సరుకులకూ మిగిలింది. ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్లంతా మామా అనే పిలుస్తారు. గురప్ప వచ్చిన మూడో నెలలోనే మామా వ్యాను తాళం ఆయన చేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉంచుకో" అంది. పగలు చొక్కా జేబులో, రాత్రి దిండు కింద, అప్పటినుంచీ అది ఆయనదే. ఊళ్లో ఉన్న భార్య వెంకటేశ్వరితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా తాళాల రింగు వేలికి తగిలించి తిప్పుతుంటాడు. ఆ గలగల వినపడకపోతే అవతల మాట్లాడేది తన మొగుడేనా అని ఆమెకు అనుమానం.

ఇంత వైభవంగా ఉన్న గురప్పకు ఈ చలికాలం కష్టమొచ్చింది. శుక్రవారం జుమ్మా రోజు ట్యాంకు నింపితే మళ్లీ జుమ్మా దాకా వచ్చే పెట్రోలు, వారం సగంలోనే అడుగంటుతోంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఆలోచించుకుని గానీ కదలదు. పొగగొట్టం నల్లగా మసిబారింది.

గురప్ప స్క్రూడ్రైవర్ తీశాడు. ప్లగ్గులన్నాడు. తీసి చూస్తే నిజంగానే నల్లగా ఉన్నాయి, దొంగ దొరికాడని ఇల్లంతా చెప్పి కొత్తవి వేశాడు. అవీ కొద్దిరోజులకే నల్లబడ్డాయి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ అన్నాడు, దుమ్మంతా దులిపి మార్చాడు. టైర్లలో గాలన్నాడు. ట్యాంకు కారుతోందేమోనని తెల్లవారుజామున వ్యాను కింద అట్టముక్కలు పరిచి, చెంప నేలకానించి పడుకుని వాసన చూశాడు. కారిన చుక్క లేదు. ఇక మిగిలింది మనుషులే అనుకున్నాడు. పక్కింటి డ్రైవర్ నయీమ్ పైపు పెట్టి పెట్రోలు లాగుతున్నాడని నిర్ణయించి, పాపం ఆ మనిషి సలాం చెప్తే తల తిప్పేసుకున్నాడు. నయీమ్ తోలేది డీజిల్ బండి అని మద్దమ్మ గుర్తుచేశాక కూడా మరో రెండు రోజులు తల అలాగే తిప్పుకున్నాడు. పట్టిన పంతం వెంటనే వదిలితే అలుసైపోడూ మరి!

అదే సమయంలో తనను కూడా ఎవరో అలాగే చూస్తున్నారని మాత్రం ఆయనకు తట్టలేదు.

చూస్తున్నది మామా. ఒక సాయంత్రం వంటింటి తలుపు పక్కన గోడకు మేకు కొట్టించి, పని అయ్యాక తాళం దానికి తగిలించమంది, అంతే. ఖాళీ వేళల్లో వ్యాను ఎవరికో బాడుగకు తిరుగుతోందని ఆమె అనుకుంటోందని చెప్పడానికి భాష అక్కర్లేదు. గురప్పకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి దిండు కింద చెయ్యి పెడితే పరుపు తప్ప ఏమీ తగల్లేదు. ఫోన్‌లో గలగల వినపడక వెంకటేశ్వరి, ఒంట్లో బాగలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాడు, ఆమె నమ్మలేదు.

ఆ మేకును రోజూ చూడలేకే గురప్ప చివరికి మెకానిక్ అన్న మాట నోటితో పలికాడు. అది ఆయనకు నామోషీ. అయినా దొంగ అనిపించుకోవడం కంటే నయమనుకుని, ఒక పొద్దున మద్దమ్మను ఫహాహీల్ చేపల మార్కెట్‌కు తీసుకెళ్లి, అటునుంచి అటే జావీద్ గ్యారేజీకి తిప్పాడు. జావీద్ రాయచోటి మనిషే. కాళ్లకు రెండు జతల మేజోళ్లు, మీద శాలువా, ఒళ్లో చేపల సంచితో మద్దమ్మ ముందు సీట్లో ముడుచుకుని కూర్చుంది. ఆమె మొహం ముందు, వ్యాను అద్దానికి వేలాడదీసిన ఎరుపూ పసుపూ పూసల దండ ఊగుతోంది. ఆ దండ చివర పతకంలా ఒక ఇత్తడి ముక్క.

ఆ ముక్కకో చరిత్ర ఉంది. పోయిన ఎండాకాలం మామా కూర్చుని ఉండగానే వ్యాను రోడ్డు మీద వేడెక్కి ఆగిపోయింది. ఆ అవమానం గురప్ప మరిచిపోలేదు. ఇంజన్ నుంచి రేడియేటర్‌కు నీళ్లు పోయే దారిలో చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది. ఇంజన్ వేడెక్కేదాకా అది నీళ్లను ఆపుతుంది. నిప్పులు కురిసే ఈ దేశంలో నీళ్లనాపే వాల్వ్ ఎందుకని, తోటి డ్రైవర్లలో చాలామంది చేసినట్టే, గురప్ప దాన్ని స్వయంగా పీకేశాడు. ఆ రోజు నుంచి ఇంజన్ వేడి చూపే ముల్లు సగం దాకా లేచిందే లేదు. ఆ ఆపరేషన్ కథ మద్దమ్మ ఎండాకాలమంతా రోజూ వింది. పీకిన వాల్వ్‌ను దారానికి గుచ్చి అద్దానికి కట్టడానికి పూసలిచ్చింది కూడా ఆమే.

జావీద్ టీ తాగుతూ ఓపిగ్గా నిలబడ్డాడు. గురప్ప రోగిని అప్పగించే డాక్టర్‌లా, తాను చేసిన పరీక్షలన్నీ వరసగా వివరించాడు. ప్లగ్గులు, ఫిల్టర్, గాలి, అట్టముక్కలు. నయీమ్ సంగతి చెప్పలేదు.

మద్దమ్మకు ఓపిక నశించింది. "ఇంజన్ సంగతి మెల్లగా చూద్దురు గానీ, ముందు ఆ హీటర్ చూడు జావీదన్నా. సలికాలం పొడుగునా నా కాళ్లు కొయ్యబారిపోతాండాయి" అంది.

జావీద్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. హీటర్‌లో వెచ్చగాలి రావడం లేదా అని మళ్లీ అడిగాడు. వేడి ముల్లు ఎంతవరకు లేస్తుందన్నాడు. గురప్ప ఛాతీ విరిచి, అసలు లేవనే లేవదన్నాడు. జావీద్ వ్యానెక్కి ఇంజన్ స్టార్ట్ చేసి ముల్లు వైపు చాలాసేపు చూశాడు. తల ఎత్తేసరికి ముక్కు ముందు పూసల దండ కనిపించింది. దాన్ని వేలితో ఆపాడు.

"దీన్ని పీకిన మహానుభావుడెవరన్నా?"

గురప్ప తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మద్దమ్మ ఒళ్లో చేపల సంచి మూతి ముడి బిగించింది. జావీద్‌కు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఎండాకాలం గాలి వేడికే ఇంజన్ ఎలాగో నెట్టుకొచ్చిందని, చలికాలం వచ్చేసరికి ఎంత నడిచినా వేడెక్కడం లేదని, వేడెక్కని ఇంజన్ అప్పుడే స్టార్టయినదాన్లా పెట్రోలు తాగుతూనే ఉంటుందని చెప్పాడు. ఆ మసీ ఒణుకూ అందుకేనన్నాడు. కొత్త వాల్వ్ వేసి, పాతదాన్ని పూసల దండతో సహా విప్పి గురప్ప చేతికిస్తూ గొంతు తగ్గించి, "ఇంజన్లో పెట్రోల్ పంపు పోయిండాదని చెప్పన్నా. వాళ్లకేం తెలుస్తాది" అన్నాడు.

తిరుగుదారిలో ముల్లు మెల్లగా లేచి సగం దాకా వచ్చి నిలబడింది. అలవాటు లేని గురప్ప రెండుసార్లు కంగారుపడి వ్యాను పక్కకు తీయబోయాడు. హీటర్‌లోంచి వెచ్చటి గాలి వచ్చింది. మద్దమ్మ ముందు శాలువా తీసింది, తర్వాత ఒక జత మేజోళ్లు తీసింది, ఆ తర్వాత నిద్రపోయింది. ఆమె కాళ్ల వైపు చూస్తే గురప్పకు సిగ్గేసింది. నెలల తరబడి ఆమె చలి అంటుంటే, పాత బండి ఇంతేలే అని తనే గదా కొట్టిపారేశాడు! పంపు పోయిందంటే తన చెవుల పరువు నిలుస్తుంది, తాళమూ తిరిగొస్తుంది. దారంతా ఆ పంపు మాట నాలుక చివర ఊగుతూనే ఉంది.

ఇంటి ముందు నయీమ్ తన బండి తుడుస్తున్నాడు. గురప్ప వీధి వీధంతా వినపడేలా సలాం చెప్పాడు. నయీమ్ తుడిచేది ఆపి, బిత్తరపోయి చూశాడు.

మామా గుమ్మంలోనే ఎదురై ఏమైందని అడిగింది. గురప్ప పంపు మాట మింగేసి, ఇత్తడి ముక్కను ఆమె అరచేతిలో పెట్టాడు.

"పెట్రోలు దొంగ దొరికినాడు మామా" అన్నాడు తన వంటింటి అరబ్బీలో.

"ఎవరు?"

"నేనే."

మిగిలింది చెప్పడానికి ఆయన అరబ్బీ చాలలేదు. మద్దమ్మ చేతులతో పొయ్యి, మూత, ఆవిరి చూపించి కథ పూర్తిచేసింది. మామా నవ్వలేదు, కోప్పడలేదు. పూసల దండను అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం గురప్పకు అన్నం సహించలేదు. పంపు అని ఉంటే గొడవ వదిలిపోయేదే అని ఒకసారి, అనకపోవడమే మేలని ఒకసారి అనుకుంటూ గడిపాడు.

సాయంత్రం పని ముగించి తాళం తగిలించడానికి వంటింట్లోకి వెళ్లాడు. మేకు మీద ఇత్తడి వాల్వ్ పూసల దండతో సహా వేలాడుతోంది. తాళం పట్టుకుని ఎటూ తోచక నిలబడ్డాడు. ఉల్లిపాయలు తరుగుతున్న మద్దమ్మ తల ఎత్తలేదు గానీ, ఆమె భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

"అక్కడ ఖాళీ లేదు గురప్పా" అంది మామా హాల్లోంచి, టీవీ వైపు నుంచి తల తిప్పకుండానే. "నీ దగ్గరే ఉంచుకో. ఖలాస్, ఇక అంతే."

ఆ రోజు ఫోన్‌లో వెంకటేశ్వరి చెవి పెట్టి వింది. ఒళ్లు కుదురుకున్నట్టుందే అంది. గురప్ప రింగు తిప్పుతూ, అవునన్నాడు.