వంశంలో లేని బీపీ

మా నాన్న మాట్లాడితే పక్క చేలో కూలీలు కూడా తలెత్తి చూస్తారు. మిరపకాయలు కోసే ఆడవాళ్లు "కోపం కాదులే, మంచినీళ్లడుగుతున్నారు" అని కొత్తగా వచ్చినవాళ్లకు సర్దిచెబుతుంటారు. ముఖం ఎర్రబడినా, మెడ నరం పొంగినా మా ఇంట్లో దానికి పౌరుషమని పేరు. ఇరవై ఏడేళ్లకే నాకు రోజూ పొద్దున్నే తలపోటు మొదలైతే నాయనమ్మ "అచ్చం తాత పోలిక" అని మురిసిపోయింది.

గుంటూరులో డాక్టరు గారు నా చేతికి పట్టీ చుట్టి ఒకసారి చూశారు. కాసేపాగి మళ్లీ చూశారు. రక్తపరీక్ష కాగితంలో కొలెస్ట్రాల్ కూడా హద్దు దాటి కూర్చుంది. "ఇంత చిన్న వయసులోనా! మీ ఇంట్లో ఎవరికైనా బీపీ, గుండెజబ్బు ఉన్నాయాండీ?" అని నాన్నను అడిగారు.

నాన్న కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. "మా వంశంలో అలాంటివేం లేవండి. అటేడు తరాలు, ఇటేడు తరాలు ఎవర్నైనా అడగండి. అందరూ గుండ్రాళ్లు."

ఆ మాట నాకు కంఠతా వచ్చు. ఏడాదిగా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. మధ్యవర్తి అడిగినప్పుడల్లా నాన్న ఒప్పజెప్పే పాఠం అదే. డాక్టరు గారి ముందు కూడా అలవాటుగా అదే ఒప్పజెప్పేశారు పాపం. ఆయన బీపీ మాత్రలు బియ్యం డబ్బాలో ఉంటాయి. పెళ్లివారు వచ్చే రోజున గొడ్లసావిట్లోకి మారతాయి. అన్నీ తెలిసి కూడా నేను నోరు మెదపలేదు. పర్చూరు సంబంధం దాదాపు కుదిరింది మరి.

డాక్టరు గారు నమ్మేశారు. వంశంలో లేదంటే కారణం ఇంకెక్కడో ఉండాలని, కిడ్నీలు చూద్దామని స్కానింగుకు రాశారు. నేను సీసాడు నీళ్లు తాగి, కాళ్లు దగ్గరగా పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. కిడ్నీ అన్న మాట విన్న దగ్గర్నుంచి నాన్న కాలు ఒకచోట నిలవలేదు. వరండాలో నాలుగుసార్లు తిరిగి, ఉన్నట్టుండి డాక్టరు గారి గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు. ఆ గొంతు ఆస్పత్రి మొత్తానికి వినిపించింది.

"మా నాన్న నలభై రెండేళ్లకే మిరపకల్లంలో కూలిపోయాడండీ. ఊళ్లో ఎండదెబ్బని చెప్పుకున్నాం. మా అన్నకి ముప్పై తొమ్మిదికే పక్షవాతం. నాకు ఇరవై తొమ్మిదిలో మొదలైంది. మావాడి కిడ్నీలకేం కాలేదు గదండీ?"

తాత ఎండదెబ్బకు పోలేదని నాకు ఆ బెంచీ మీదే తెలిసింది. అప్పటిదాకా లోలోపల నవ్వుకుంటున్న నాకు భయం వేసింది. నాన్న మీద జాలి కూడా వేసింది.

"ఈ ముక్క పొద్దునే చెబితే సరిపోయేది కదండీ" అన్నారు డాక్టరు గారు. స్కానింగులో కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. నాకు మాత్రలు రాసి, పచ్చళ్లు తగ్గించమన్నారు. గుంటూరులో కూర్చుని ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! చివర్లో, నాకో చెల్లి ఉందని తెలిసి, "అమ్మాయికి కూడా ఒకసారి చూపించండి" అన్నారు.

ఇంటికొచ్చాక చెల్లి అంతా విని, "చూపించుకుంటా నాన్నా. ఉందన్నారనుకో, వాళ్లింట్లో నేనూ గొడ్లసావిట్లో దాక్కుని మింగాలా?" అంది.

నాన్న లేచి బియ్యం డబ్బాలోంచి మాత్ర తీసి అందరి ముందే మింగారు. మా ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పెళ్లికొడుకు తండ్రికి ఫోన్ చేశారు. అమ్మ స్పీకరు పెట్టమని సైగ చేసింది.

"మా ఇంట్లో మూడు తరాలుగా బీపీ ఉందండి. నాకుంది, మావాడికుంది. అమ్మాయికి ఇంకా చూపించలేదు. దాచిపెట్టడం నాదే తప్పు. ఇక మీ ఇష్టం."

చెల్లి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

అవతల ఎవరో లేచి తలుపు వేసిన చప్పుడైంది. ఆ తర్వాత పెళ్లికొడుకు తండ్రి గొంతు బాగా తగ్గించి అడిగారు.

"మాత్ర పొద్దున వేసుకుంటారా బావగారూ, రాత్రా?"